తలకట్లు చివర పెట్టే అత్తయ్య

ప్రెస్సులో అందరికీ ఆమె అత్తయ్యే. యజమానికి అత్తయ్య, మెషీన్ నడిపే ఆయనకి అత్తయ్య, ఆమెకన్నా రెండేళ్ళు పెద్దవాడైన బైండరుకి కూడా అత్తయ్యే. వరసకి నిజంగా మేనకోడలైన మనిషి మాత్రం ఒక్కతే ఉంది. అత్తయ్య పని మానేయడానికి ఇంకా నాలుగు నెలలుందనగా ఆ ఒక్కతీ వచ్చి ప్రాణం తోడేసింది.

అత్తయ్య పని పేర్లు రాయడం. పెళ్ళి పిలుపుల మీద వధూవరుల పేర్లు, కాలేజీ సర్టిఫికెట్ల మీద చదువు ముగించినవాళ్ళ పేర్లు, అత్తరు సీసాల లేబుళ్ళు, పుస్తకాల అట్టలు, పెద్ద హోటళ్ళ మెనూకి మొదటి పేజీ. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒకటే బల్ల. ఎడమవైపు కిటికీ, బల్ల మీద వాలుగా పెట్టిన చెక్క, మూడు పాళీలు, ఒక సిరా బుడ్డి, పాళీ తుడుచుకోవడానికి పాత బనీను ముక్క. బల్ల కింద కాలికి తగిలేలా ఒక రేకు పెట్టె. దాని సంగతి తర్వాత.

ఆమె అక్షరం సన్నగా మొదలయ్యేది. కడుపు దగ్గర కాస్త ఒళ్ళు చేసి, మళ్ళీ సన్నబడి, పక్క అక్షరం వైపు వాలి ఆగేది. పెద్ద చదువులు చదివినవాళ్ళు సర్టిఫికెట్ చేతికి రాగానే మార్కులు చూసుకోవడం మానేసి, ముందు తమ పేరు చూసుకునేవాళ్ళంటే అది ఆ చేతి మహిమే. తమ పేరు అంత అందంగా ఉంటుందని చాలామందికి అప్పటిదాకా తెలియదు.

ఎక్కడ రాయాలో తెలిసినంత బాగా ఎక్కడ రాయకూడదో కూడా ఆమెకి తెలుసు. ఒకసారి ఒక హోటలాయన మెనూ మొత్తం ఆ రాతలోనే కావాలని పట్టుబట్టాడు. "హోటలు పేరొక్కటీ రాస్తాను. మిగతాదంతా మామూలు అచ్చు వేయించుకోండి. పెళ్ళికొచ్చినవాళ్ళందరూ పెళ్ళికూతుళ్ళలా తయారైతే అసలు పెళ్ళికూతురెవరో ఎలా తెలుస్తుంది?" అంది. ఇంకోసారి మందుల కంపెనీవాళ్ళొచ్చి సీసా మీద మోతాదు కూడా వంపులతో రాయమన్నారు. "జబ్బుతో ఉన్నవాడికి అందం దేనికి, ఎన్ని చెంచాలో తెలిస్తే చాలు" అని వాళ్ళని తిప్పి పంపింది. పని వద్దనడంలో ఆమెకున్న ధైర్యం యజమానికి ఎప్పుడూ లేదు.

ఇంత రాసే మనిషి సంతకం మాత్రం చూడకూడదు. పొద్దున్నే హాజరు రిజిస్టరులో గీసే ఆ ఒక్క గీత చూసి బైండరు రోజూ నవ్వేవాడు.

"అత్తయ్యగారూ, ఊరందరి పేర్లూ ముత్యాల్లా రాస్తారు. మీ పేరు దగ్గరికొచ్చేసరికి కోడి గీకినట్టు గీకుతారేంటండీ?"

"రిజిస్టరుకి ఇంతకన్నా ఎందుకండీ? దీన్నేమైనా ఫ్రేము కట్టించుకుంటారా ఎవరైనా?"

బైండింగుతోపాటు ఫ్రేములు కట్టే పని కూడా ఆయనదే. అందుకే ఆ జవాబుకి ప్రతిసారీ కాస్త చిన్నబుచ్చుకునేవాడు.

మేనకోడలు చేసేది కంప్యూటర్లో అక్షరాలు తయారుచేసే పని. దానికి జీతం కూడా ఇస్తారంటే అత్తయ్య చాలాకాలం నమ్మలేదు. "ఉన్న అక్షరాలు చాల్లేదా ఏమే మీకు?" అనేది. కానీ ఆ పిల్ల ఈ దారి పట్టిందే ఈమెని చూసి. చిన్నప్పుడు సెలవులొస్తే ఈ బల్ల పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని, సిరా ఆరేదాకా పేర్ల మీదికి ఊదడమే దాని ఆట.

అత్తయ్య కుడి మణికట్టు వాచింది. రోజుకి నలభై పేర్లు అవలీలగా రాసే చెయ్యి పన్నెండో పేరు దగ్గర మొరాయించడం మొదలుపెట్టింది. ఎవరూ పొమ్మనకముందే పోవడం మర్యాదనుకుందేమో, నాలుగు నెలల్లో మానేస్తానని ఆమే చెప్పేసింది. కాలేజీవాళ్ళ నాలుగువందల పన్నెండు సర్టిఫికెట్ల పని మొదలయ్యేది సరిగ్గా ఆ తర్వాతే. యజమాని చెడ్డవాడేం కాదు, కానీ పని ఆగకూడదు కదా. బజారులో దొరికే వంపుల ఫాంటొకటి తెచ్చి, ఒక పేరు అచ్చు తీసి చూపించాడు.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"ఫరవాలేదు" అంది.

ఆ పూట మేనకోడలు అక్కడే ఉంది. అత్తయ్య నోట ఫరవాలేదంటే ఏమిటో ఇంట్లోవాళ్ళకి బాగా తెలుసు. ఆమె దృష్టిలో దానికన్నా పెద్ద తిట్టు లేదు. మేనకోడలు ఆ కాగితం వైపు చూసింది. ప్రతి అక్షరానికీ తీగలూ మెలికలూ ఉన్నాయి గానీ పేరు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇక నుంచి నాలుగువందల పన్నెండు మంది పిల్లలు తమ పేరు ఇలా చూసుకుంటారా అనుకుంటూ ఆ కాగితాన్ని బోర్లించింది.

"అత్త రాతతోనే ఫాంట్ చేస్తానండీ. నాకు వదిలేయండి" అంది.

యజమాని ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. అత్తయ్య ఆఖరి రోజు లోపల ఆమె నోటితో సరే అనిపించాలి. లేకపోతే కొన్నదే ఎక్కిస్తాడు. అత్తయ్య షరతు ఇంకా గట్టిది. "నేను రాసినవి ఆరు, నీ మిషను రాసినవి ఆరు కలిపి పెట్టు. నేను విడదీయలేకపోతే సరే అంటాను. మేనకోడలివని మాత్రం అనను." సరే అనకపోతే ఆ చేతి రాత ఆమెతోపాటే గుమ్మం దాటి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. అది ముగ్గురికీ తెలుసు.

మేనకోడలు పద్ధతి ప్రకారమే చేసింది. గళ్ళ కాగితం ఇచ్చి, గడికి ఒకటి చొప్పున అక్షరాలన్నీ అత్తయ్య చేత రాయించింది. గుణింతాలు, ఒత్తులు, అంకెలు, ఏదీ వదల్లేదు. వాటిని స్కాన్ చేసి, ఒక్కో వంపునీ వెంట్రుకవాసి తేడా లేకుండా దిద్దింది. రెండున్నర నెలలు పట్టింది. ఇంకా ఆరు వారాలుందనగా పన్నెండు కార్డులు తెచ్చి బల్ల మీద పరిచింది. చేత్తో రాసినవాటిని కూడా స్కాన్ చేసి అదే మెషీన్ మీద అచ్చు తీయించింది. లేకపోతే సిరా ఎత్తుని వేలితో తడిమి చెప్పేసే ఘనురాలు ఆవిడ.

అత్తయ్య కళ్ళు సగం మూసి, పేర్ల పైభాగం మాత్రమే చూస్తూ వెళ్ళింది. నిమిషం కూడా పట్టలేదు. ఆరు కార్డులు ఏరి పక్కన పడేసింది. ఆరూ మిషనువే.

మేనకోడలు ఆ ఆరింటినీ తీసుకుని తిప్పి తిప్పి చూసింది. ఆ తర్వాత అడిగింది. "ఎలా కనిపెట్టావత్తా? ప్రతి అక్షరం నువ్వు రాసిందేగా."

"నేను రాసినవే. కానీ ఇవి ఒకదాని మొహం ఒకటి చూసుకోవట్లేదే. బస్సు కోసం నిలబడ్డ జనంలా ఎవరి దారి వాళ్ళదన్నట్టున్నాయి."

"మరి నీ రాతలో ఎందుకు చూసుకుంటాయి?"

"నాకేం తెలుసే. రాస్తానంతే."

అబద్ధం కాదు, ఆమెకి నిజంగానే తెలియదు. కొండంత విద్య చేతిలో పెట్టుకుని, అదెక్కడుందో చెప్పమంటే దిక్కులు చూసేవాళ్ళు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. వాళ్ళ వల్లే సగం పనులు జరుగుతాయి.

మేనకోడలు సెలవు పెట్టి వచ్చి బల్లకి ఎదురుగా కూర్చుంది. పక్కన కూర్చుంటే వెలుతురు అడ్డమని అత్తయ్య ఒప్పుకోలేదు. ఎదురుగా కూర్చుంటే అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయి, పైగా రాసేటప్పుడు ఆమె తల వంచితే కార్డు సగం కనపడదు. మొదటి రోజు పాళీ పట్టు చూసింది. రెండో రోజు మణికట్టు కదలిక చూసింది. పుస్తకంలో ఏవేవో రాసుకుంది గానీ ఉపయోగపడేది ఒక్కటీ లేదు. ఇల్లు అలకగానే పండగ కాదని అప్పుడు తెలిసొచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం అత్తయ్య ఒక పేరు మధ్యలో ఉండగా యజమాని తలుపు తోసుకుని వచ్చి, కాగితం నమూనా ఏదో కావాలన్నాడు. ఆమె పాళీ పక్కన పెట్టి అల్మరా దగ్గరికి వెళ్ళింది. మేనకోడలు ఊరికే ఆ కార్డుని తనవైపు తిప్పుకుంది. ఐదక్షరాల పేరు. అడుగున ఒత్తులతో సహా అన్నీ ఉన్నాయి. ఒక్కదానికీ తలకట్టు లేదు, గుడి లేదు, తల మీద రావలసింది ఏదీ లేదు. ఐదూ బోడిగా కూర్చున్నాయి.

"అత్తా, వీటికి తలలేవి?"

"ఇంకా పెట్టలేదుగా. అన్నీ అయ్యాక పెడతాను."

"అన్నీ అయ్యాకా? అక్షరానికి అక్షరం పెట్టవా?"

"ఎవరైనా చివర్లోనేగా పెట్టేది."

"ఎవరూ అలా పెట్టరత్తా."

అత్తయ్య అల్మరా దగ్గర్నుంచి వెనక్కి తిరిగి చూసింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా లోకమంతా తనలాగే రాస్తోందనుకుందా మనిషి.

సంగతి ఏమిటంటే, తలకట్టు సన్నగా రావాలంటే పాళీని కాస్త పక్కకి తిప్పాలి. పనిలో చేరిన కొత్తలో ఆమె అక్షరానికోసారి తిప్పి రాసేది. ఇప్పటి యజమాని తండ్రి వచ్చి చూసి, ఈ లెక్కన సాయంత్రానికి పది పేర్లు కూడా కావన్నాడు. అందుకని పేరు మొత్తం బోడిగా రాసి, పాళీని ఒక్కసారి తిప్పి, ఊపిరి బిగబట్టి, ఎడమ నుంచి కుడికి తలకట్లన్నీ ఒకే ఊపులో పెట్టడం అలవాటు చేసుకుంది. తొందరకోసం పుట్టిన పద్ధతి అది. కానీ ఒకే ఊపులో పడ్డ తలకట్లు ఒకదాన్ని చూసి ఒకటి వాలేవి. మొదటిది పొట్టిగా, మధ్యవి కాస్త కాస్త పైకి, ఊపిరి వదిలే చోట చివరిది కొంచెం పొడుగ్గా. ఆ వరస చూసే జనం అందమన్నారు, ఆమె అది తన అక్షరాల అందమనుకుంది. గళ్ళ కాగితం మీద గడికొక అక్షరం రాయించి, మేనకోడలు ఆ వరసనే ముక్కలు చేసి పారేసింది. అత్తయ్య జన్మలో విడిగా అక్షరం రాసిన మనిషి కాదు.

అత్తయ్య తిరిగొచ్చి ఆ బోడి కార్డుని తీసి, వెనకవైపు పెన్సిలుతో ఏదో రాసి, కాలితో రేకు పెట్టె ముందుకి లాగి అందులో వేసింది.

"దీనికి తలకట్లు పెట్టేస్తే సరిపోదా?"

"ఊపు తెగిపోయిందే. ఇప్పుడు పెడితే అరువు తలల్లా ఉంటాయి."

"చెత్తబుట్టలో వెయ్యవేం?"

"పేరే అది. ఎవరో ఒకళ్ళ పేరు. చెత్తలో ఎలా వేస్తాం?"

మేనకోడలు పెట్టె వైపు చూసింది. చిన్నప్పట్నుంచీ దాని మీద కాళ్ళు పెట్టుకుని ఊగింది గానీ ఒక్కసారీ తెరిచి చూడలేదు. ఇప్పుడు మూత తీస్తే నిండా కార్డులు. ముప్పై ఎనిమిదేళ్ళలో చెడిపోయినవన్నీ. బాగా వచ్చిన పేర్లు ఎవరిళ్ళకి వాళ్ళు పట్టుకుపోయారు, అత్తయ్యకి మిగిలినవి తప్పులే. కానీ ఒక కార్డు ఒక్క అక్షరం దగ్గర చెడితే మిగతా నాలుగూ బంగారంలా ఉంటాయి. పైగా ఇవి విడి అక్షరాలు కావు, పేర్లు. వెన్న చేతిలో పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరగడమంటే ఇదే.

"అత్తా, ఇవి నాకిస్తావా?"

"తప్పులు తీసుకెళ్ళి ఏం చేసుకుంటావే?" అంది గానీ వద్దనలేదు.

ఇంటికి తీసుకెళ్ళి నేల మీద పరిచాక మేనకోడలు కార్డులు వెనక్కి తిప్పి చూసింది. ప్రతిదాని వెనకా తేదీ, కారణం. తుమ్మాను. మెషీన్ ఆగిపోయింది, ఉలిక్కిపడ్డాను. సిరా పలచన. బైండరుగారు నవ్వించారు. వాళ్ళ పెళ్ళి ఆగిపోయిందట, సగంలో ఆపాను. ఒక కార్డు మీద తలకట్లు మొదటి రెండూ గీత దాటి ఎక్కడికో ఎగిరిపోయాయి. దాని వెనక ఇలా ఉంది: "అన్నయ్య ఫోను. ఆడపిల్లట. చెయ్యి నిలవలేదు." తేదీ చూసుకుంది. తను పుట్టిన రోజే.

అత్తయ్య భర్త, మామయ్య, ఆస్పత్రిలో ఉన్న నెలవి తొమ్మిది కార్డులు కట్టగా దొరికాయి. ఎనిమిదింటి వెనక చెయ్యి వణికిందని ఉంది. తొమ్మిదోదాని వెనక తేదీ ఒక్కటే ఉంది, మామయ్య పోయిన రోజుది. ఆ నెలలో కూడా అత్తయ్య పనికి వచ్చిందని, వచ్చి పెళ్ళి పిలుపులే రాసిందని మేనకోడలికి అప్పటిదాకా తెలియదు. చాలాసేపు ఆ కట్టని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని వాటిని కూడా స్కాన్ చేసింది. తొమ్మిదో కార్డులో 'మ' ఎంత బాగుందంటే, ఫాంట్‌లో అదే వేసింది.

ఇక పని వేరేలా సాగింది. ఒక్కో అక్షరానికి మూడు నాలుగు రూపాలు చేసింది: పేరు మొదట్లో వచ్చేది ఒకటి, మధ్యలోవి ఒకటో రెండో, చివర వచ్చేది ఒకటి. పక్కన ఏ అక్షరం ఉందో చూసుకుని, తగిన రూపాన్ని కంప్యూటరే ఎంచుకునేలా రాసిపెట్టింది. తలకట్లని అక్షరాల నుంచి వేరు చేసి, పేరు పూర్తయ్యాకే అన్నీ కలిపి ఒక వరసగా పడేలా చేసింది. అంటే మిషను చేత కూడా తలకట్లు చివర్లోనే పెట్టించింది. నిద్రాహారాలు మానలేదు గానీ ఇంట్లో ఎవరేం అడిగినా ఊఁ అనడం తప్ప ఇంకో మాట లేదు ఆ ఐదు వారాలూ.

అత్తయ్య ఆఖరి రోజు వచ్చింది. కిటికీ పక్క బల్ల అప్పటికే సగం ఖాళీ. యజమాని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బైండరు పనున్నట్టు చేతిలో స్కేలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మేనకోడలు పన్నెండు కార్డులు పేర్చి ఇచ్చింది.

అత్తయ్య వెనకటిలాగే కళ్ళు సగం మూసి పైవరస చూసింది. మొదటి కార్డు, రెండోది, మూడోది. ఆగింది. మళ్ళీ మొదటికి వెళ్ళింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుంది. చివరి కార్డు మిగిలేదాకా చూసి, మూడింటిని పక్కన పెట్టింది.

"ఇవి మిషనువి."

మేనకోడలు ఏది ఎవరిదో రాసిపెట్టుకున్న చీటీ చూసింది. "ఒకటి నిజమే అత్తా. రెండు నీవి. ఇవాళ పొద్దున నువ్వు రాసినవే."

అత్తయ్య ఆ రెండింటినీ దగ్గరికి తీసుకుని చూసుకుంది. మొహంలో కోపం లేదు. నా రాత నాకే తెలియకపోతే ఎలా అన్నట్టు కాస్త సిగ్గుపడింది, అంతే. యజమాని నోరు తెరవబోయాడు. మేనకోడలు ఆగమన్నట్టు చెయ్యి చూపించింది.

పన్నెండో కార్డు ఇంకా బల్ల మీదే ఉంది. అత్తయ్య దాన్ని చేతిలోకి తీసుకుంది. ఈసారి కళ్ళు సగం మూయలేదు, పైవరస చూడలేదు. పేరంతా చదివింది. మూడక్షరాల పేరు. మొదటి తలకట్టు పొట్టిగా, మధ్యది కాస్త పైకి, చివరిది ఊపిరి వదిలినట్టు పొడుగ్గా.

"ఇది మిషనుదే" అంది మెల్లిగా.

"ఎలా చెప్పావత్తా?"

"నా పేరు నేనెప్పుడు రాసుకున్నానే."

అవతలి గదిలో మెషీన్ చప్పుడు వినిపిస్తోంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఊరందరి పేర్లూ రాసిన మనిషి తన పేరు అలా ఉంటుందని అప్పుడే చూసింది. కాలేజీ పిల్లల్లాగే ముందు పెదవులు కదిపి చదువుకుంది, తర్వాత వేలితో తలకట్ల మీదుగా ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోయింది.

"మరి... సరేనా అత్తయ్యా?" అని యజమాని అడిగాడు.

"సరే" అంది. ఫరవాలేదనలేదు.

మేనకోడలు ఏడుపు ఆపుకోవడానికి కార్డులు సర్దడం మొదలుపెట్టింది. మిషనుదని తేలితే అదీ తప్పే, తప్పులు పెట్టెలోకే వెళ్తాయి కనక, అలవాటుగా ఆ పన్నెండోదాని కోసం చెయ్యి చాచింది. అత్తయ్య ఇవ్వలేదు.

"దీన్ని పెట్టెలో వెయ్యకు. ఇందులో తప్పేం లేదు" అని, కుర్చీలోంచి లేచి గుమ్మం దగ్గరికి నడిచింది.

"బైండరుగారూ, దీనికి ఫ్రేము కట్టి పెడతారా?"

ఏళ్ళ తరబడి వేళాకోళం చేసిన మనిషి కార్డు అందుకుని, అంచులు పట్టుకుని, చేతిలో ఉన్న స్కేలుతో ముందు పొడుగు, తర్వాత వెడల్పు కొలిచాడు.